ఈ రాత్రి రోడ్డు బంద్

ఫిబ్రవరి నెల, శుక్రవారం ఉదయం. లెస్యా కొవాల్‌చుక్ ఆ రోజుకు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. పొద్దున రేడియోలో ప్రకటన వస్తుంది. మధ్యాహ్నానికి గిటారూ డ్రమ్ములూ ఆస్‌బర్గ్ ఊరి హాలుకు చేరతాయి. చలిలోంచి తెచ్చిన గిటారు పెట్టెను వెంటనే తెరిస్తే చెక్క పగులుతుంది కాబట్టి అది ఓ గంట సేపు లోపల కూర్చుని ఒళ్ళు వెచ్చబెట్టుకుంటుంది. ఆరింటికి రెజైనా నగరం నుంచి మార్గరీత్ లావాలే వస్తుంది, మేనత్త ఒల్గా బంగాళదుంప కూరి చేసిన పెరోగీ కుడుములు తింటుంది, ఏడింటికి కచేరీ వింటుంది. జులైలో జరిగే పెద్ద సంగీతోత్సవానికి ఎవరిని పిలవాలో తేల్చేది ఆవిడే. "పాటలు ఇంట్లో కూర్చుని కూడా వింటాను. మీ జనం ముందు మీరెలా ఉంటారో చూడాలి" అని ముందే చెప్పింది.

కాబట్టి హాలు నిండాలి. హాలు నిండకపోతే ఉత్సవం లేదు, ఉత్సవం లేకపోతే బ్యాండు లేదు. బ్యాండంటే ఇద్దరే. లెస్యా పాడుతుంది, గార్నెట్ డ్రమ్స్ వాయిస్తాడు. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒక తుప్పు పట్టిన వ్యాన్‌లో సస్కాచువాన్ మైదానాల వెంట ఊరూరూ తిరిగారు. వినడానికి వచ్చినవాళ్ళ ఇళ్ళలోనే నేల మీద పడుకున్నారు. ఆ ఇళ్ళ పిల్లులు వాళ్ళ ముఖాల మీద పడుకున్నాయి. "ఈ వేసవికి పిలుపు రాకపోతే నా డ్రమ్ములు అమ్మేస్తాను" అని గార్నెట్ క్రిస్మస్ నాడే చెప్పేశాడు.

బ్యాండు పేరు 'రోడ్డు బంద్'. ఒక చలికాలం తుఫానులో చిక్కుకుని పెట్రోలు బంకులో రెండు రోజులు కూర్చున్నప్పుడు లెస్యాకు తట్టిన పేరు అది. గార్నెట్ అప్పుడే వద్దన్నాడు.

"రోడ్డు బంద్ అంటే జనం వస్తారా, వెనక్కి పోతారా?"

"నీకు కవిత్వం తెలీదు. డ్రమ్ములు కొట్టుకో."

ఏడున్నరకు రేడియోలో వెండెల్ ఫ్రీసెన్ గొంతు వినిపించింది. ఊరి రేడియోను జీతం బత్తెం లేకుండా నడిపే పెద్దమనిషి. వాతావరణం, పశువుల ధర, రోడ్లు, బడి బస్సులు, అన్నీ ఒకటే గొంతుతో చదువుతాడు. పెళ్ళి కబురు కూడా ఆయన నోట చావు కబురులాగే వస్తుంది.

"పడమటి వీధిలో నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. మూడో నంబరు బడి బస్సు ఆలస్యం. ఈ రాత్రి ఏడు గంటలకు, ఆస్‌బర్గ్ హాలు దగ్గర, రోడ్డు బంద్. అందరూ గమనించగలరు."

లెస్యా నోట్లో రొట్టె ముక్క నోట్లోనే ఉండిపోయింది.

ఇందులో ఆమె తప్పు లేకపోలేదు. ఆ ప్రాంతంలో దొంగతనం చేసినవాణ్ణి క్షమిస్తారు కానీ గొప్పలు చెప్పుకున్నవాణ్ణి క్షమించరు. అందుకని "మా గురించి అదీ ఇదీ పొగడొద్దు వెండెల్ గారూ, పేరూ వేళా చోటూ చాలు" అని రాసిచ్చింది తనే. ఆయన అక్షరం పొల్లుపోకుండా చదివాడు.

అయిదు నిమిషాల్లో ఫోన్ మోగింది. మేనత్త ఒల్గా.

"అమ్మాయ్, విన్నావా? హాలు దగ్గర రోడ్డు బంద్ అట. పిండి కలపడం ఆపేశాను."

"అత్తా! రోడ్డు బంద్ అంటే నేనే!"

"నువ్వెందుకు బంద్ చేశావే?"

"నేను చెయ్యలేదు! అది మా బ్యాండు పేరు!"

"మీ బ్యాండు పేరు లెస్యా బ్యాండు కదా?"

"ఆరేళ్ళ నుంచీ రోడ్డు బందే! నీకిచ్చిన చొక్కా మీద ఇంత లావున రాసుంది!"

"దాంతో నేల తుడుస్తున్నానే. అక్షరాలు పోయాయి. సారీ తల్లీ."

ఆ తర్వాత ఫోన్ల మీద ఫోన్లు. హాలుకు ఇరవై మందిని వెంటబెట్టుకొస్తానన్న చర్చి గాయకబృందం పెద్దావిడ, "రోడ్డు లేదటగా, రాలేం, సారీ" అంది. బడివాళ్ళు సాయంత్రం బస్సులు తిరగవని పిల్లల్ని మధ్యాహ్నమే ఇళ్ళకు పంపేశారు. ప్రతివాళ్ళూ సారీ చెప్పారు. తప్పు చేసినవాళ్ళూ చెప్పారు, చెయ్యనివాళ్ళూ చెప్పారు. లెస్యాకు కావలసింది సారీ కాదు, పోట్లాట. మనసులో ఇంత మంట పెట్టుకుని ఎదురుగా ఒక్క తిట్టైనా లేకపోతే మనిషి ఎలా బతుకుతుంది? కోటు తొడుక్కుని, మంచు ఆటల మైదానం వెనకగదిలో ఉన్న రేడియో స్టేషనుకు వెళ్ళింది.

"వెండెల్ గారూ! ఏం చేశారు మీరు?"

"నువ్వు రాసిచ్చిందే చదివానమ్మా. సారీ."

"కాస్త సంతోషంగా చదవొచ్చుగా?"

"నా గొంతే అంత. సారీ."

"ఆ మాట అనకండి! తిట్టండి నన్ను! 'నీ బ్యాండు పేరే దరిద్రంగా ఉంది, నన్నేం చెయ్యమంటావ్' అని అరవండి!"

వెండెల్ నిజాయితీగా ఆలోచించాడు. "పేరు కొంచెం... ఏమో, బాగానే ఉందమ్మా. సవరణ చదువుతాలే."

పన్నెండింటికి సవరణ వచ్చింది. అప్పటికి లెస్యా, గార్నెట్ వ్యాన్‌లో హాలుకు పోతున్నారు.

"శ్రోతలకు సవరణ. పొద్దున చెప్పిన రోడ్డు బంద్ ఈ రాత్రి లేదు. కలిగిన అసౌకర్యానికి సారీ."

గార్నెట్ రేడియో కట్టేశాడు. "పొద్దున రోడ్డు లేదు. ఇప్పుడు మనం లేము."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. అది బ్యాండు పేరని తెలిసిన పదిమందీ ఇప్పుడు కచేరీ లేదనుకుని బూట్లు విప్పేసి ఉంటారు. లెస్యా ఇంకా తిట్లు వెతుక్కుంటూ ఉండగానే మార్గరీత్ ఫోన్ చేసింది.

"లెస్యా గారూ, మీ కచేరీ రద్దయిందటగా? మా వదినది మీ పక్క ఊరే, రేడియోలో విన్నదట."

"లేదండీ! రోడ్డు బంద్ ఉంది! ఖచ్చితంగా ఉంది!"

"రోడ్డు బంద్ అయితే నేనెలా వచ్చేది?"

"రోడ్డు బంద్ కాలేదండీ, రోడ్డు బంగారంలా ఉంది! బంద్ మేము!"

"మీరే బంద్ అయితే నేనెందుకు వచ్చేది?"

గార్నెట్ స్టీరింగు మీద నుదురు ఆనించాడు. చివరికి మార్గరీత్, "సరే, నాలుగింటికి బయల్దేరతా. కానీ ఖాళీ కుర్చీలు చూడ్డానికి రెండు గంటలు కారు నడిపించొద్దు" అని పెట్టేసింది.

లెస్యా వ్యాన్‌ను వెనక్కి తిప్పించింది. ఈసారి వెండెల్‌ను కుర్చీతో సహా పక్కకు జరిపి, మైకు తనే పట్టుకుంది.

"నేను లెస్యాని! ఒల్గా మేనకోడల్ని! రోడ్డు బంద్ నా బ్యాండు, రోడ్డు కాదు! ఇవాళ రోడ్డు బంద్ అని ఎవరు చెప్పినా అది మా కచేరీ గురించే! ప్రభుత్వం చెప్పినా, పోలీసులు చెప్పినా నమ్మకండి! విన్నవాళ్ళు విన్నట్టు హాలుకు బయల్దేరండి!"

వెండెల్ ముఖం వెలిగింది. పొద్దుటి తప్పుకు ప్రాయశ్చిత్తంగా ఆ మాటల్ని రికార్డు చేసి, అరగంటకోసారి దానంతటదే వచ్చేలా పెట్టి, స్టేషనుకు తాళం వేసి భోజనానికి వెళ్ళాడు. తిని పడుకున్నాడు.

మూడింటికి ఉత్తరపు గాలి లేచింది. నాలుగింటికి చాచిన చెయ్యి కనిపించనంత మంచు. అయిదింటికి ప్రభుత్వం వారు రేడియోల్లో, ఫోన్లలో ప్రకటించారు: ఆస్‌బర్గ్ మీదుగా పోయే పెద్ద రోడ్డు బంద్.

జనం విన్నారు. విని సంతోషించారు. "లెస్యా పిల్ల గట్టిదే! ప్రభుత్వం చేత కూడా చెప్పించింది! ఇంత కష్టపడుతుంటే పోకపోతే బాగుండదు" అనుకుని బండ్లు తీశారు. రోడ్డు మీద పోతున్న లారీలవాళ్ళకూ లెస్యా గొంతు వినిపించే ఆ ఊరి రేడియోయే దిక్కు. వాళ్ళూ ఆగలేదు.

ఊరి చివర, హాలు ఎదురుగా, కాన్‌స్టేబుల్ ఇంగ్రిడ్ హాల్వర్‌సన్ పోలీసు కారును రోడ్డుకు అడ్డం పెట్టి నిలబడింది. మొదటి కారు అద్దం దించింది.

"రోడ్డు బంద్!" అంది ఇంగ్రిడ్.

"అవునమ్మా, అక్కడికే పోతున్నాం."

"రోడ్డు బంద్ అంటున్నా!"

"మేమూ అదే అంటున్నాం! టికెట్టు నీ దగ్గరేనా?"

పది కార్ల దాకా ఇంగ్రిడ్ ఓపిక పట్టింది. పదకొండో కారుకు టోపీ తీసి మంచులో విసిరికొట్టింది. వెనక్కి పంపుదామంటే వెనక కూడా దారి పూడుకుపోయింది. వెచ్చగా ఉన్న చోటు హాలు ఒక్కటే. వచ్చిన వాళ్ళందరినీ అందులోకి తోలడం మొదలుపెట్టింది.

ఆరున్నరకల్లా హాల్లో నిలబడ్డానికి చోటు లేదు. లారీ డ్రైవర్లు, బస్సు నిండా ఆడవాళ్ళ హాకీ జట్టు, విత్తనాల వ్యాపారి, చర్చి గాయకబృందం మొత్తం. అందరికన్నా చివర, మంచు తోసే బండి నడిపే నార్బర్ట్ వచ్చాడు. ఆయన భుజం పట్టుకుని, కనుబొమల దాకా మంచుతో, ఒక కాలికే బూటుతో మార్గరీత్ లావాలే వచ్చింది. ఆవిడ కారు గుంటలో ఉంది.

అప్పటికి అందరికీ సంగతి తెలిసిపోయింది. రోడ్డు నిజంగానే బంద్. తెల్లారేదాకా ఎవరూ ఇంటికి పోలేరు. ఒక్కొక్క తలే వేదిక వైపు తిరిగింది.

"పోలీసులు చెప్పినా నమ్మొద్దన్న గొంతు ఈవిడదేగా?"

"రేపు పొద్దున మాకు మ్యాచ్ ఉంది తెలుసా? ఫైనల్!"

"పాల డబ్బాకని బయల్దేరానమ్మా నేను! నాకసలు సంగీతమే పడదు!"

"నీ మీద ఏ సెక్షను కింద కేసు పెట్టాలో చూస్తున్నా" అంది ఇంగ్రిడ్. "దొరగ్గానే చెప్తా."

వంటగదిలోంచి ఒల్గా తల బయటపెట్టింది. "అమ్మాయ్, ఇంతమందికి పెరోగీలు నా వల్ల కాదు! పొద్దున పిండి ఆపమన్నది నువ్వే!"

"నేనెప్పుడు ఆపమన్నాను అత్తా!"

"నాతో వాదించకు!"

గార్నెట్ డ్రమ్ముల వెనక సర్దుకుని కూర్చున్నాడు. "పోట్లాట కావాలన్నావుగా. ఇదిగో, హాలు నిండా ఉంది."

మార్గరీత్ మొదటి వరసలో కూర్చుంది. ఒంటినిండా దుప్పటి, పాదాలు వేడినీళ్ళ బకెట్‌లో. "మొదలుపెట్టండి" అంది. "దీనికోసమేగా నేను గుంటలో పడ్డది."

లెస్యా గిటారు తగిలించుకుని మైకు ముందుకొచ్చింది. పళ్ళ బిగువున, "సారీ" అంది.

హాలు చల్లబడలేదు. ఆ దేశంలో సారీ అంటే పొద్దున్నే పళ్ళు తోముకోవడం లాంటిది, దానికెవరూ కరగరు. వెనకనుంచి ఎవరో రొట్టె ముక్క విసిరారు. అది వచ్చి గిటారుకు తగిలింది.

అంతే, లెస్యాలో ఏదో తెగింది.

"సారీ లేదు, ఏం లేదు! ఆరేళ్ళు! ఆరేళ్ళు మీ ఊళ్ళన్నీ తిరిగి పాడాను! చేతులు కట్టుకుని విన్నారు. అయిపోయాక 'పర్లేదు' అన్నారు. పర్లేదు! ఒక్కడంటే ఒక్కడు బాగుందనలేదు, ఛండాలంగా ఉందని కూడా అనలేదు! మా బ్యాండు పేరు మా అత్తకే తెలీదు! ఇవాళ మొదటిసారి మీ అందరికీ తెలిసింది, ఎందుకూ? నన్ను తిట్టడానికి! తిట్టండి! కానీ మధ్యలో లేవకండి, పొమ్మన్నా పోలేరు! గార్నెట్, కొట్టు!"

గార్నెట్ కొట్టాడు. ఆమె తన పాటల్లోకెల్లా కోపిష్టి పాట ఎత్తుకుంది.

"నడుం విరిగేలా మంచెత్తిపోశాను, నీ బండి వచ్చింది,
నా గుమ్మానికడ్డంగా కొత్త గోడ కట్టిపోయింది!
తియ్యి, తియ్యి, నువ్వే వచ్చి తియ్యి!"

ఆ మైదానాల్లో పార పట్టిన ప్రతి మనిషి గుండెలోనూ ఆ పగ ఉంది. గంట సేపు చెమటోడ్చి వాకిలి శుభ్రం చేసుకుంటే, మంచు తోసే బండి వచ్చి రోడ్డు మీది మంచంతా వాకిట్లోకే తోసి పోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మర్యాదకు ఎవరూ పైకి అనలేదు. లారీ డ్రైవర్లు, హాకీ జట్టు, సంగీతం పడని పాల డబ్బా మనిషి, ఒకరి తర్వాత ఒకరు మెల్లగా వెనక్కి తిరిగారు. అక్కడ గోడకు చేరబడి నార్బర్ట్ కాఫీ తాగుతున్నాడు.

"తియ్యి! తియ్యి! నువ్వే వచ్చి తియ్యి!"

హాలంతా నేల అదిరేలా కాళ్ళు కొట్టింది. చర్చి గాయకబృందం మూడు శ్రుతుల్లో అందుకుంది. కాన్‌స్టేబుల్ ఇంగ్రిడ్ కుర్చీ ఎక్కి, నార్బర్ట్ వైపు వేలు చూపిస్తూ అందరికన్నా గట్టిగా పాడింది. ఆవిడ ఇల్లు మూల మలుపులో ఉంది, ఎప్పుడూ రెండింతలు మంచు పడేది అక్కడే. "సారీ, సారీ" అంటూ నార్బర్ట్ రెండు చేతులూ ఎత్తాడు. ఆ పాటను నాలుగుసార్లు పాడించుకున్నారు. మిగతా పాటల్లో కోపమున్న వాటికి అరిచారు, ప్రేమ ఉన్న వాటికి ఒల్గాకు సాయంగా పెరోగీలు చుట్టారు.

తెల్లారి గాలి ఆగింది. నార్బర్ట్ ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కి రోడ్డు తెరిచాడు. మార్గరీత్ ఎవరిదో పెద్ద బూటు తొడుక్కుని, మిగిలిన పెరోగీ తింటూ లెస్యా దగ్గరకొచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా కచేరీలు చూస్తున్నా. చివరి పాట దాకా ఒక్కరూ లేవకపోవడం ఇదే మొదటిసారి."

"లేచి పోవడానికి దారి లేదండీ" అన్నాడు గార్నెట్. లెస్యా అతని కాలు తొక్కింది.

"తెలుసు. అందుకే చెప్తున్నా. మా ఉత్సవంలో మూలగా ఒక పెద్ద గుడారం ఉంది. వాన పడితే వేలమంది అందులోకి పరుగెత్తుకొస్తారు. తడిసి, ఒణికి, తిట్టుకుంటూ నిలబడతారు. అక్కడ పాడమంటే మంచి మంచి పాటగాళ్ళే ఏడ్చి పారిపోయారు. ఒళ్ళు మండుతున్న జనాన్ని పట్టి నిలబెట్టేవాళ్ళ కోసం ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నా. జులైలో మూడు రోజులూ ఆ గుడారం మీకే."

ముందురోజు పొద్దుట్నుంచీ ముడిపడి ఉన్న లెస్యా ముఖం ఎలా విప్పుకోవాలో తెలియక అవస్థపడింది. గార్నెట్ డ్రమ్ము మీద ఒక దెబ్బ వేశాడు.

"వాన పడకపోతే?" అని అడిగింది లెస్యా.

"పడకపోతే ఆ గుడారం వైపు కుక్క కూడా రాదు" అంది మార్గరీత్, కాఫీ ఊదుకుంటూ.

ఆ జులైలో కోసిన గడ్డి ఎండాలని ఊరంతా ఎండ కోసం ప్రార్థనలు చేస్తుంటే, లెస్యా ఒక్కతే కిటికీ దగ్గర నిలబడి, మబ్బు తునకైనా లేని ఆకాశాన్ని బూతులు తిట్టింది.