వెనక క్యారియర్ మీద హాలెండు

ఆ రోజు ఇంద్రజ వేసుకున్న పథకం చాలా చిన్నది. గల్ఫ్‌లో, దుఖాన్‌లోని కంపెనీ కాలనీ నిద్ర లేచేలోగా సైకిల్ తొక్కడం నేర్చేసుకోవాలి. అంతే.

పక్కింటి హానెక, ఇంద్రజ నాన్న రామకృష్ణారావు పైఅధికారి భార్య. ఏప్రిల్‌లో తమ దేశం హాలెండుకు రమ్మని పిలిచింది. తులిప్ తోటల మధ్య వారం రోజుల సైకిల్ యాత్ర. సైకిల్ రానివాళ్ళు సామాన్లతోపాటు బస్సులో రావాలి. ఇంద్రజ తల్లి వేదవతి వెంటనే బస్సుకు ఒప్పేసుకుంది. "నీకొచ్చుగా?" అని నాన్న అడిగితే ఇంద్రజ తలూపింది. రాదంటే ఎందుకు రాదో కూడా చెప్పాలి. వచ్చనడానికి తలూపితే చాలు. పైగా సొంతూళ్ళో మూడేళ్ళు హైస్కూలుకు సైకిల్ మీదే వెళ్ళింది. తొక్కింది మాత్రం స్నేహితురాలు రాణి. ఇంద్రజది వెనక క్యారియర్. హానెక ఇంటి క్యాలెండర్‌లో ఆకాశం దాకా పరిచిన ఎరుపు, పసుపు చారలు చూశాక, వాటిని బస్సు కిటికీలోంచి చూడటం ఆ పిల్లకు ఇష్టం లేకపోయింది.

తోటపని పోశన్నను సైకిలడిగింది. "తీస్కపో బిడ్డా. బ్రేకులు మాత్రం జెర తక్కువ పడ్తయి," అన్నాడు.

అసలు పడవు. వీధి మలుపులో సైకిల్ గన్నేరు పొదలోకి దూరింది. వెనకే ఇంద్రజ. అప్పుడే పాలకోసం బయటికొచ్చిన ఎదురింటి బిల్కిస్ ఆంటీ పరుగెత్తుకొచ్చింది.

"హాయ్ అల్లా. ఇంజనీరు బిడ్డవి, మాలీ సైకిల్ మీద ఏంది బేటా? మీ కారేది?"

"లేదాంటీ." కారు దోహాలో గ్యారేజీలో ఉంది.

"డాడీ డ్యూటీకి పోలేదా?"

"లేదాంటీ." వీసా పనికి సెలవు పెట్టి దోహా వెళ్ళాడు.

"మరి... పోతున్నరా మీరు?"

"ఏప్రిల్‌లో, ఆంటీ."

"అందరూ?"

ఇంద్రజ తలూపింది. చెప్పినవన్నీ నిజాలే. ఒక్క అబద్ధమాడినా ఇంత ప్రమాదం జరిగేది కాదు.

గల్ఫ్‌లో ఎవరైనా ఉద్యోగం పోయి ఇంటికెళ్తుంటే కాలనీకి రెండు బాధ్యతలుంటాయి: ఓదార్చడం, సామాను దక్కించుకోవడం. మధ్యాహ్నానికల్లా వెనక వీధి ఆనందరావు ఇద్దరు మనుషులతో వచ్చాడు.

"చెల్లెమ్మా, మీ ఫ్రిజ్ సంగతి మేం చూసుకుంటాం. దిగులుపడకండి."

ఊరెళ్తే ఫ్రిజ్ ఏం చెయ్యాలా అని వారంగా మథనపడుతున్న వేదవతి కళ్ళు చెమర్చాయి. "మీకు శ్రమేమో అన్నయ్యగారూ. ఏప్రిల్‌కి ఇంకా టైముందిగా."

"ఆలస్యమైతే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారమ్మా."

దుఖాన్‌లో కూడా దొంగలున్నారా అని వేదవతి బెదిరిపోయింది. సోఫా కూడా ఇచ్చి పంపింది. కష్టంలో ఉన్న ఇంట్లో ధర మాట్లాడటం మర్యాద కాదని ఆనందరావు ఊరుకున్నాడు. గుమ్మంలో సోఫా అడ్డం తిరిగితే, మోకాలు గీరుకుపోయిన ఇంద్రజ తలుపు పట్టుకుంది. ఎందుకని అడగాలనుకుంది. అడిగితే మోకాలి సంగతి వస్తుందని ఊరుకుంది.

సాయంత్రం రామకృష్ణారావు బాగుచేయించిన కారులో హుషారుగా దిగాడు. వెనకే బిల్కిస్ గిన్నెడు ఖుబానీ కా మీఠాతో వచ్చింది.

"సబర్ చెయ్యండి భాయ్‌సాబ్. నౌకరీలు వస్తుంటయి, పోతుంటయి."

"ఎవరిది పోయింది?"

"మీదే."

ఆయన సోఫాలో కూలబడబోయి నేలమీద కూలబడ్డాడు. "కాలనీ అంతటికీ తెలిసిపోయింది, నాకెవరూ చెప్పలేదు. వేదా, నీకూ తెలుసా? అందుకేనా సామానంతా అమ్మేశావు?"

"నేనమ్మలేదండీ. దాచమని ఇచ్చాను."

"పక్కింటికెళ్ళి మా బాసునే అడిగేస్తాను," అంటూ ఆయన లేచాడు. ఇంద్రజ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఒకవైపు నాన్న పరువు, మరొకవైపు తులిప్ తోటలు. కళ్ళముందు ఎరుపు, పసుపు చారలన్నీ కలిసిపోయి బస్సు కిటికీ ఒక్కటే కనిపించింది.

"నాన్నా," అంది, "మీ ఉద్యోగం పోలేదు. నాకు సైకిల్ రాదు."

ఈ రెండింటికీ సంబంధమేమిటో అర్థం చేసుకోవడానికి అక్కడున్నవాళ్ళకు మీఠా గిన్నె ఖాళీ అయ్యేంతసేపు పట్టింది. ఈలోగా కబురు విని హానెక కూడా ఏడ్చి ఎర్రబడ్డ ముక్కుతో వచ్చింది. రామకృష్ణారావు ఇంగ్లీషులో జరిగినదంతా చెప్పి, "అమ్మాయి వాళ్ళమ్మతో బస్సులో వస్తుంది," అని ముగించాడు.

హానెక నవ్వాపుకుని ఇంద్రజను అడిగింది: వెనక కూర్చోవడం వచ్చా? మా ఊళ్ళో సగంమంది వెనకే కూర్చుంటారు.

ఇంద్రజ ఈసారి తలూపకుండా నోరు విప్పింది. "త్రీ ఇయర్స్," అంది.

ఏప్రిల్‌లో తులిప్ తోటల గట్లమీద హానెక తొక్కింది. ఇంద్రజ వెనక ఒకవైపు కాళ్ళు వేలాడేసుకుని, ఎరుపు చార అయిపోతే పసుపు చార, పసుపు అయిపోతే ఊదా చార చూస్తూ వెళ్ళింది. ముందు ఏముందో మాత్రం తెలియలేదు. హానెకది వెడల్పాటి వీపు.

తిరిగొచ్చాక పూలెలా ఉన్నాయని కాలనీలో ఎవరూ అడగలేదు. ఉద్యోగం మళ్ళీ ఎలా వచ్చిందనే అడిగారు.