భాగీరథి ఊఫర్, లలితమ్మ గోడ

మొగుడు చెయ్యి దాటిపోతున్నాడేమోనని అనుమానం వస్తే కొందరు ఆడవాళ్లు చొక్కా జేబులు వెతుకుతారట. తెలుగు నేతపనివాళ్లు వలస వచ్చి ఉండే కోసాడ్ కాలనీలో భాగీరథికి అంత శ్రమ లేదు. సాయంత్రం తలుపు తీస్తే చాలు, గంగారాం చెప్పులు పక్కింటి లలితమ్మ గడప ముందు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా కనబడతాయి. సొంత గడప ముందు ఆ చెప్పులు ఏనాడూ ఒకే దిక్కుకు చూసిన పాపాన పోలేదు.

గంగారాం ఖటోదరా మిల్లుల్లో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని వాళ్లలో సాంచా అనే అంటారు. ఆ మోతలో ఏళ్లకేళ్లు నిలబడి, సన్నటి చప్పుళ్లు వినే శక్తి చెవులకు పోయింది. కుక్కర్ విజిల్ వినబడదు, తలుపు గంట వినబడదు, పెళ్లాం మాట అసలే వినబడదు. ఈ ఆఖరిది మాత్రం చెవి జబ్బు కాదేమోనని భాగీరథి అనుమానం.

అట్లాంటి మనిషి, లలితమ్మ మొగుడు నరహరి కొన్న హోమ్ థియేటర్‌కు దాసుడైపోయాడు. నరహరి అందులో సినిమా పాటలు పెట్టడు. వందమంది కూర్చుని ఒకేసారి వాయించే విలాయతీ సంగీతం పెడతాడు. సన్న వయొలిన్లు, బూరలు, మనిషంత ఎత్తు ఉండే లావు వయొలిన్లు, అన్నిటి వెనకా నగారాలాంటి పెద్ద డోలు. వయొలిన్లు గంగారాంకు అందవు. కానీ లావు శబ్దాల కోసమే నేల మీద పెట్టిన ఊఫర్ డబ్బాలోంచి ఆ డోలు మోగిందంటే అరికాళ్లలో పుట్టి రొమ్ములోకి ఎక్కుతుంది.

"చెవులతోని పనే లేదే," అన్నాడు మొదటిరోజు ఇంటికొచ్చి. "పెయ్యంత ఇనబడ్తది," అని అరికాళ్ల నుంచి రొమ్ము దాకా ఒళ్లంతా చూపించాడు.

భాగీరథి గుండె జారిపోయింది. రొమ్ము అంతగా అదిరితే లోపలున్నది ఆగిపోదా అని అడిగింది. ఆగితే మళ్లీ అదే డోలు కొట్టి నడిపిస్తుందిలే అని ఆయన నింపాదిగా అన్నం కలుపుకున్నాడు.

ఆమెకు భయాలు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి వస్తాయి. గుండె ఆగుతుందన్నది మొదటిది. అదురుకు మూడో అంతస్తు రెండో అంతస్తులోకి దిగుతుందన్నది ఆ తర్వాతది. కాలేజీకి పోయే కూతురు హారతి కూడా తండ్రి వెంట పోవడం మొదలుపెట్టింది కాబట్టి, పిల్ల పరీక్ష తప్పుతుందన్నది ఇంకొకటి. ఎవరికీ చెప్పని భయం మాత్రం లలితమ్మ.

లలితమ్మ గంగారాంను బావా అంటుంది. అందులో తప్పు పట్టడానికి లేదు. తనను అక్కా అని పిలవమని చెప్పింది భాగీరథే, అక్క మొగుడు బావ కాక ఏమవుతాడు? కాలనీకి వచ్చిన కొత్తలో చెల్లెలు దొరికిందని మురిసిపోయి వరస కలిపినప్పుడు, ఆ వరస ఇంత దూరం పోతుందని ఆమెకు తట్టలేదు.

"ఫోన్ల పెట్టుకోని ఇంట్లనే ఇనరాదా?" అంది ఒకనాడు, ఆయనకు పెదవులు కనబడేటట్టు ఎదురుగా నిలబడి.

"ఫోను స్పీకరు గోరంతుంటది. డోలు మోగాల్నంటే గాలిని నూకాలె. గోరంతది ఎంత గాలి నూకుతది?"

"ఆళ్ల డబ్బ ఏం నూకుతది?"

"అండ్ల పళ్లెమంత పర్ద ఉన్నది. ఎనుకకు ముందుకు ఊగుతది. ఇంట్లున్న గాలంత ఊగుతది."

భాగీరథి లెక్క తేలిపోయింది. పళ్లెమంతది తన మొగుణ్ణి పక్కింటికి గుంజుకుపోతే, చాటంతది వెనక్కి గుంజుకొస్తుంది. పండక్కి కొనుక్కుందామనుకున్న పట్టుచీర మీద ఆశ చంపుకుంది. సామాన్ల టెంపో నడిపే పరమేశ్‌ను పిలిచి చెప్పింది. వరాఛాలో ఒక వజ్రాల సేటు ఇల్లు మారుతుంటే, అక్కర్లేని ఊఫర్ ఒకటి పరమేశ్ చేతికి వచ్చింది. ఇద్దరు మనుషులు రొప్పుతూ దాన్ని మూడంతస్తులు ఎక్కించారు. అది బియ్యం డ్రమ్ము కంటే ఎత్తుగా ఉంది. భాగీరథి ముందు దానికి దిష్టి తీసి, తర్వాత దాన్ని చూసి భయపడింది.

గంగారాం ఆ రోజు పని పాళీ దిగి, చెప్పులు సొంత గడప ముందే విడిచాడు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట. ఉత్తగా నేల మీద పెడదామన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. నేలకు బిగించని సాంచా నడుస్తుంటే జరుగుతూ జరుగుతూ గది దాటుతుందని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. ఈ డబ్బా కూడా అదిరేదే కదా, అర్ధగంటలో నడిచొచ్చి పిల్ల కాళ్ల మీద పడితే?

ఈ మాట గంగారాంకు నచ్చింది. సాంచా మనిషికి బిగించని యంత్రం కంట్లో నలుసు. ఇనుప కోణాలు, బోల్టులు, పానాలు తెచ్చాడు. ఏ గోడకు అని అడిగితే, ఆమె ఊరికే గుర్తొచ్చినట్టు లలితమ్మ ఇంటి వైపు గోడ చూపించింది.

"గది గట్టి గోడ," అంది.

అవతల లలితమ్మ గిన్నెలు అరలోంచి ఎగిరి దూకాలని, అది ఏడుస్తూ వచ్చి గడపలో నిలబడాలని ఆమె కోరిక. దాన్ని బయటికి చెప్పడమెందుకు? గంగారాం ఆ డబ్బాను భూకంపం వచ్చినా కదలనంతగా బిగించాడు.

హారతి ఫోను కలిపి సంగీతం పెట్టింది. వయొలిన్లు గాలివానలా లేచాయి. బూరలు కలిశాయి. ఇప్పుడొస్తుంది డోలు అని గంగారాం మంచం మీద వీపు నిటారుగా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. డోలు వచ్చింది. ఎవరో దూరపు మేడ మీద దుప్పటి దులిపినట్టు వచ్చింది.

ఆయన రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని, బతికున్నానా లేదా అన్నట్టు చూసుకున్నాడు. "ఏది?" అన్నాడు.

సౌండు పెంచారు. ఇంకా పెంచారు. ఇంట్లో దుప్పటి దులుపుడే, గోడవతల మాత్రం పళ్లేలు కూడా డోలుతో కలిసి వాయించడం మొదలుపెట్టాయి. భాగీరథి కొంగు నడుముకు దోపి సిద్ధమైంది. అనుకున్నట్టే తలుపు చప్పుడైంది, లలితమ్మ వచ్చింది. ముఖం మాత్రం ఏడుపు ముఖం కాదు.

"అక్కా, నీ కడుపు సల్లగుండ. గోడకు ఒరిగి కూసుంటే ఈపుకు మాలిష్ చేసినట్టే ఉన్నది. మాదాన్ని బందువెట్టినం. నువ్వు జర సౌండు తగ్గియ్యకు."

అదెట్లాగో చూసొస్తానని గంగారాం పోయాడు. ఎంతకీ రాకపోతే పిలుచుకొస్తానని హారతి పోయింది. ఆ పిల్లా రాలేదు.

భాగీరథి ఒక్కతే ఊఫర్ ముందు కూర్చుంది. మనిషి లేని ఇంట్లో కరెంటు సామాను మోగుతూ ఉంటే అంటుకుంటుందని ఆమె భయం, అందుకని లేచి పోలేదు. పక్కన బకెట్‌తో మట్టి పెట్టుకుంది. కాసేపటికి ఉక్రోషం వచ్చి స్విచ్చి ఆపేసింది. ఆపీ ఆపగానే గోడవతలి నుంచి గంగారాం గొంతు వచ్చింది. సాంచాల మధ్య అరిచి అరిచి పెరిగిన గొంతు అది, దానికి గోడలు లెక్క లేవు. కరెంటు పోయిందా అని అడిగాడు. వెనకే నరహరి, పోతే పోయింది, మాది పెడతాలే అనడం వినబడింది. భాగీరథి తటాలున మళ్లీ స్విచ్చి వేసింది. వేస్తే మొగుడు అక్కడ తన డబ్బా వింటాడు, ఆపితే అక్కడే వాళ్ల డబ్బా వింటాడు. ఎట్లా చూసినా ఆయన అక్కడే.

ఇక ఓర్చుకోలేక ప్లగ్గు ఊడబీకి, పక్కింటికి నడిచింది.

మంచం మీద నరహరి ఊఫర్‌ను కూర్చోబెట్టారు, చుట్టానికి మర్యాద చేసినట్టు. దాని పక్కన లలితమ్మ కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. తనకు తాళి కట్టిన గంగారాం ఆ కాళ్ల ముందు మోకాళ్ల మీద, చేతుల మీద, నేలకు చెవి పెట్టి పాకుతున్నాడు.

"ఏమయ్యా, ఏం ఎతుకుతున్నవ్?" అంది, ఆయన కళ్ల ముందుకు వంగి.

"బేసు."

"దొరికిందా?"

"లలితమ్మ కాళ్లకాడ మస్తుగున్నది," అన్నాడు, ఏ పాపం ఎరగనివాడిలా.

హారతి గబగబా అడ్డమొచ్చి చెప్పింది. బేసంటే లావు శబ్దం, అది గోడలకు తగిలి తిరిగొస్తుందట. ఒక చోట పోయేదీ వచ్చేదీ కలిసి పెరుగుతాయి, ఒక చోట ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. తమ మంచం ఆ చచ్చే చోటే ఉంది. పైగా గోడకు బిగించేసరికి గోడే డోలై లలితమ్మ కోసం మోగుతోంది. మనిషి కూర్చునే చోట డబ్బా పెట్టి, గదంతా పాకి, ఎక్కడ బాగా తాకితే అక్కడికి డబ్బా మార్చాలని నరహరి అంకుల్ ఫోన్లో చూశాడట. నాన్న ఆ విద్య నేర్చుకుంటున్నాడట.

భాగీరథికి సగం అర్థం కాలేదు. అర్థమైన సగం మరీ మండించింది. చీర మానుకున్నది తను, వీపుకు మాలిష్ లలితమ్మకు. నోటికొచ్చినన్ని అంది. ఆఖరికి తిట్లన్నీ అయిపోయి, మెల్లగా ఒక్కటే మాట మిగిలింది.

"నువ్వు నా పక్కపొంటి కూసోవాల్నని తెచ్చిన దాన్ని. గోడ పక్కకు కాదు."

గంగారాం మోకాళ్ల మీదే ఆమె పెదవులు చూశాడు. అంత సన్నటి మాట ఆయనకు ఎట్లా అందిందో, లేచి బట్టలు దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

సాంచాలకు సెలవురోజున బోల్టులు ఊడదీశాడు. డబ్బాను తమ మంచం మీద పెట్టి పాకాడు. హారతి పాకింది. మోకాళ్లు పట్టేసి ఇక లేవలేనేమోనని భయపడుతూనే భాగీరథి కూడా పాకింది. వంటింటి గడప పక్కన ఆమె అరచేతుల్లోకే ముందు వచ్చింది అదురు. అక్కడే డబ్బాను దించి, కింద రబ్బరు ముక్కలు వేశారు.

ఈసారి డోలు ఆ ఇంట్లోనే మోగింది. గంగారాం తన మంచం మీద, తన ఇంట్లో, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చోబోయేంతలో తలుపు తెరుచుకుంది. ముందు నరహరి, వెనక చాపా దిండూ పట్టుకుని లలితమ్మ.

"మాదాన్ని మా తమ్మునికి ఇచ్చేసినం అక్కా. దినాం పొద్దూకితే ఇల్లంత జనమాయె. ఈ లొల్లి ఎప్పుడు మీ ఇంట్లకు పోతదా అని చూస్తున్న. పెద్దది కావాల్నని పరమేశ్‌ను నువ్వే పిలిస్తివి, నా పని అల్కగైంది. ఇగ రోజు మేమే వస్తం."

అని, చాప హారతికిచ్చి మంచం ఎక్కి బావ పక్కన కూర్చుంది. అదురు తాకేది ఆ మంచం మీదేనట.

భాగీరథి జర జరగమని చేత్తో సైగ చేసి, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. ఇటు మొగుడు, అటు లలితమ్మ, నడుమ గోడలా తను. ఇదే మంచిదనుకుంది. వయొలిన్లు లేచాయి, బూరలు కలిశాయి, చాటంత పర్దా ఒక్కసారి ఊగింది. ఆమె గుండె నిజంగానే ఆగిందనిపించి, ప్రాణభయంతో మొగుడి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. కాసేపటికి చూస్తే ఆ చేతికి గాజులున్నాయి.

విడిచిపెడదామనుకుంది, కానీ వేళ్లు విడవలేదు.

"భయపడకక్కా," అంది లలితమ్మ, ఆ చేతిని తన ఒడిలోకి తీసుకుంటూ. "పెద్ద డోలు ఇంకా రాలే."