నలభై గుర్రాలూ, ఒక తీర్మానమూ

ఒక పెద్ద అడవిలో వేసవికి ఎండని మడుగు ఒక్కటే ఉండేది. ముందు ఎవరు తాగాలన్న తగువులో ఏటా కొమ్ములు విరిగేవి, తోకలు తెగేవి. చివరికి అడవి పంచాయతీ కూర్చుని, పోటీ పెట్టి గెలిచిన జాతికి ఆ వేసవంతా మొదటి వంతు ఇవ్వాలని తేల్చింది.

పోటీ వీడియో గేమ్‌లో. అడవి అంచున మనుషులు వదిలేసిపోయిన గెస్ట్ హౌస్‌లో ఒక టీవీ, ఆట పెట్టె, కప్పు మీద సోలార్ పలకలు మిగిలిపోయాయి. ఆటలో ఒక మాయా రాజ్యం. అందులో మంత్రగాళ్లున్నారు, రాక్షసులున్నారు, చెరలో ఏడుస్తున్న యువరాణి కూడా ఉంది. ఆవిడ జోలికి ఎవరూ పోరు. రాజ్యమంతా చెదిరి ఉన్న గుర్రాలన్నిటినీ పట్టి శాలలో కట్టాలి. అందరికన్నా తొందరగా కట్టినవాళ్లు గెలిచినట్టు.

మూడేళ్లుగా గెలుపు అడవిపంది గంగులుది. మూతితో మీటలు పొడిచి, తెల్లారి మొదలుపెడితే పొద్దు నడినెత్తికొచ్చేసరికి నలభై గుర్రాలూ కట్టేసేవాడు. ఆ పైన పందులన్నీ మడుగులో దిగి తాగేవి, పొర్లేవి, అక్కడే కునుకు తీసేవి. ఆఖరి వంతు కొండముచ్చులది. అప్పటికి మడుగులో మిగిలేవి నీళ్లు కావు, చిక్కటి అంబలి.

ఆ అంబలి తాగలేక విసిగిపోయిన కొండముచ్చు ఒకతె ఉంది. పేరు అప్పలకొండ. చలికాలమంతా ఆ టీవీ ముందే కూర్చుంది. ఏ గుర్రం బెల్లానికి లొంగుతుందో, ఏది వెనకనుంచి వెళ్తే తంతుందో కంఠతా పట్టింది. నలభయ్యో గుర్రం ఆటలో వాన పడితే గానీ కొండ దిగదు. గంగులు ఆ వాన కోసమే సగం పొద్దు కాచుకునేవాడు. అప్పలకొండ మాత్రం ఒక కిటుకు కనిపెట్టింది. ఊరి నీళ్లతొట్టికీ గోడకీ మధ్య ఇరుక్కుని మూడుసార్లు గెంతితే, ఆట తికమకపడి ఆటలోని మనిషిని తిన్నగా ఆ కొండ మీద పడేస్తుంది.

పోటీ రోజున అధ్యక్షుడు బుచ్చన్న వచ్చి కుర్చీలో సర్దుకున్నాడు. ఎలుగుబంటి కాబట్టి కుర్చీ చాల్లేదు. కార్యదర్శి శేషయ్య పక్కన నిలబడ్డాడు. ఆయన ముళ్లపంది, తన ముల్లు తనే పీక్కుని కలంగా వాడుకుంటాడు.

అప్పలకొండ చేతులతో, కాళ్లతో, అవసరమైనచోట తోకతో ఆడింది. వాకిట్లో పాతిన కర్ర నీడ మూరెడు జరిగిందో లేదో, ముప్ఫైతొమ్మిది గుర్రాలు శాలలో సకిలిస్తున్నాయి. ఆమె తొట్టివైపు నడిచింది.

గంగులు శేషయ్య చెవిలో ఏదో గొణిగాడు. శేషయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా అధ్యక్షా, చిన్న సందేహం. అన్ని గుర్రాలూ అన్నాం. గుర్రమంటే ఏమిటో ఎక్కడా రాసుకోలేదు."

"నాలుగు కాళ్లు, ఒక తోక," అన్నాడు బుచ్చన్న.

"ఆ లెక్కన తమరూ గుర్రమే అవుతారు."

బుచ్చన్న తోక తడుముకున్నాడు. ఉందో లేదో ఆయనకే సరిగ్గా తెలీలేదు. "అయితే ఏం రాద్దామంటావు?"

"గుర్రం పేరు మోసే ప్రతిదీ గుర్రమే అందాం," అన్నాడు గంగులు. "గుర్రబ్బండి, గుర్రపు జీను, గుర్రపు నాడా. ఎక్కడున్నా సరే, అన్నీ పట్టాలి. సాయంత్రం దాకా గడువిద్దాం, పాపం ఆడకూతురు."

అప్పలకొండ ఆట ఆపి వెనక్కి తిరిగింది. ఆ రాజ్యంలో నాడాలే వెయ్యికి పైగా ఉంటాయి. "ఆట మధ్యలో ఇదేం న్యాయం బాబూ?" అంది.

"మధ్యలో కాబట్టే అమ్మా, చివర్లో మారిస్తే అన్యాయం," అన్నాడు శేషయ్య. తీర్మానం రాశాడు. ఏ తీర్మానానికైనా చివర అలవాటుగా తగిలించే వాక్యం దీనికీ తగిలించాడు: 'ఇది పాత విజేతలకును వర్తించును.' గంగులు చదవకుండానే కింద డెక్కముద్ర వేశాడు.

అప్పలకొండ కాగితం అడిగి పుచ్చుకుంది. రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతుండగా ఆమె చూపు కిటికీలోంచి మడుగు మీదికి పోయింది.

"అధ్యక్షా, మడుగు నిండా పచ్చగా అల్లుకుపోయిందే, ఆ కలుపును ఏమంటారు?"

"గుర్రపు డెక్క," అన్నాడు బుచ్చన్న. అని, ఆలోచనలో పడ్డాడు.

"ఎక్కడున్నా సరే అని రాశారు. ఆటలోనే ఉండాలని రాయలేదు. గంగులు బావ పాత గెలుపుకీ ఇది వర్తిస్తుందట. సాయంత్రంలోగా ఇదంతా పట్టకపోతే ఆయన గెలుపూ కొట్టేసినట్టే."

గంగులు శేషయ్యకేసి చూశాడు. శేషయ్య కప్పుకేసి చూశాడు.

పందులు మడుగులోకి ఉరికాయి. ఒక్క మొక్క కొండముచ్చుల చేతికి పోయినా అన్నీ పట్టినట్టు కాదని వాటికి దిగులు. కొండముచ్చులకూ అదే దిగులు. లోతు పందులు పీకాయి, గట్టు కొండముచ్చులు పీకాయి. పొద్దు వాలేసరికి ఒడ్డున రెండు పచ్చటి గుట్టలు, నడుమ అద్దంలా మడుగు.

శేషయ్య లెక్క చూశాడు. ఎవరిదగ్గరా 'అన్నీ' లేవు. పుస్తకంలో 'విజేత: లేరు' అని రాశాడు. విజేత లేరు కాబట్టి మొదటి వంతూ లేదు. ఎవరికి దాహమేస్తే వాళ్లు తాగొచ్చని బుచ్చన్న ప్రకటించి, అందరికన్నా ముందు తనే తాగాడు.

నలభయ్యో గుర్రం కొండమీదే ఉండిపోయిందని అప్పలకొండకు కొంచెం బాధగానే ఉంది. అయినా కడుపారా తాగింది. తేటనీటిలో తన మొహం చూసుకోవడం ఆమెకదే మొదలు. "ఇంత నల్లగా ఉంటానా," అనుకుంది.

ఆ తీర్మానం రద్దు చేయమని గంగులు అర్జీ పెట్టుకున్నాడు. దానిమీద పంచాయతీ వేసిన ఉపసంఘం ఇంకా కూర్చునే ఉంది.

నీతి: రూల్సు రాసేవాడు మనవాడైతే చాలదు, మనకు చదవడం కూడా రావాలి.