దగ్గరికి జరిగిన దీవి

పోర్ట్‌బ్లెయిర్‌లో హార్డ్‌వేర్ దుకాణం నడిపే శంకరరావు ఇంట్లో ఆ ఉదయం గొడవ జానెడు దారం గురించి. కొత్త చీర ఫాల్ కోసం భార్య మధులత దాచుకున్న ఊదారంగు దారాన్ని ఆయన, కూతురి చిన్న అట్లాసులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి విశాఖ దాకా పరిచి, పుటుక్కున తెంచాడు.

"ఎంత దూరమో అమ్మకు చూపిస్తున్నాను."

"దానికి నా దారమే దొరికిందా? దుకాణం నిండా పురికొస ఉంది కదండీ!"

చూపించక తప్పదు. సునామీ నాటి నుంచి శంకరరావు తల్లి బుల్లమ్మ ఓడ పేరెత్తితే చెవులు మూసుకుంటోంది. విశాఖలో ఉన్న చెల్లెలు తవిటమ్మేమో, టీవీలో ఆ నీళ్లు చూసి ఏడ్చిన నాటి నుంచి, అక్కను చేత్తో తాకితేగానీ బతికుందని నమ్మనంటోంది. "రెండు గంటల్లో దిగిపోతాం" అని కొడుకు బతిమాలగా బతిమాలగా బుల్లమ్మ విమానానికి ఒప్పుకుంది. ఆ రోజే టికెట్లు కొనాలి.

మధులత వంగి చూసి, దారాన్ని వేలితో కిందికి లాగింది. "రెండు గంటలు చెన్నైకి. అక్కడ దిగి, కూర్చుని, ఇంకో విమానమెక్కి మళ్లీ పైకి రావాలి. దారం ఇలా వంగాలి."

వంచిన దారం చెన్నై చేరకముందే సముద్రంలో ఆగిపోయింది.

"ఏట్రా ఇది? ఇశాపట్నం ఎల్డానికి చెన్నై ఎందుకు? నానెక్కను," అంది బుల్లమ్మ.

శంకరరావు కంగారుపడి, పేపర్లో చదివినది వదిలాడు. "అంత దూరమేం లేదమ్మా! ఆ భూకంపానికి మన దీవి పడమటికి జరిగిందట. విశాఖకి దగ్గరయ్యాం."

ఎంత జరిగిందో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. విప్పారిన ముఖంతో ప్రహరీ దగ్గరికి వెళ్లి పక్కింటి కాసులమ్మకు చెప్పింది. కాసులమ్మ చేపల మార్కెట్లో చెప్పింది. కాసేపటికి బజారులో టికెట్లు అమ్మే గోపీచంద్ ఫోన్ చేశాడు.

"శంకర్ భయ్యా, ఏం పుకారు పుట్టించావు? దూరం తగ్గింది, కిరాయా ఎప్పుడు తగ్గిస్తావని జనం లైను కట్టారు! ఒకాయన ఇక చెన్నై ఎందుకు, సీదా విశాఖకే ఇమ్మంటాడు. అవతలి దీవిలో రంగత్ నుంచి ఫోన్ చేసి, మేం కూడా జరిగామా అంటున్నారు!"

ఫోన్ పెట్టేసేసరికి కాసులమ్మ గుమ్మంలో ఉంది.

"తమ్ముడూ, చౌల్దారీలో మా పొలం పక్కోడి దాంట్లోకెళ్లిపోనాదా?"

"అన్నీ కలిసే జరిగాయి దీదీ."

"నాకు చెప్పకండానా?"

మధ్యాహ్నం భోజనాల దగ్గర శంకరరావు ఒప్పుకోక తప్పలేదు. "జరిగిన మాట నిజమేనమ్మా. కానీ ఈ వంటింటి గుమ్మం నుంచి ఆ పెరటి గుమ్మం దాకా, అంతే."

బుల్లమ్మ చేపముల్లు పళ్లెం అంచున పెట్టి, రెండు గుమ్మాలనూ మార్చి మార్చి చూసింది. ఇక ప్రయాణం లేనట్టేనని శంకరరావు తల వంచుకున్నాడు.

"అంటే నిజంగానే కదిలిందా? మనం ఇందులో ఉండగానే?"

"అవునమ్మా."

"ఇన్నాళ్లూ నేల మీదున్నానని ధైర్యంగా కూకున్నాను. ఇదీ ఓడే కదరా! ఆ ఓడే నయం, కూత పెట్టి కదుల్తది. చెన్నై వద్దు, గిన్నై వద్దు. ఓడకి తియ్యి టికెట్లు. తిన్నగా వచ్చేస్తన్నానని తవిటికి చెప్పు."

మూడు రోజుల ఓడ ప్రయాణంలో చీరకు ఫాల్ కుట్టుకోవడానికి మధులతకు కావలసినంత తీరిక దొరికింది, దారమే చాలలేదు.