అక్క ఒక్కసారే నొక్కింది

శనివారం పదకొండింటికి అక్క వస్తోంది. ఈలోగా కొత్త వీడియో కాలింగ్ బెల్లును హాల్లోని పాత గోడగంటకు కలిపేయాలని వెర్నన్ పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. అక్క ఈనిడ్ ఆ గడప తొక్కి ఆరేళ్ళయింది. తల్లి అంత్యక్రియలనాడు బంధువులందరి ముందు ఇద్దరూ మాటామాటా అనుకుని, చెరో దారీ పట్టారు. ఇప్పుడు తనంతట తానే వస్తానని ఉత్తరం రాసింది. అసలే అతని చెవులు మందం. వెనక వంటింట్లో ఉండగా ఆమె వచ్చి వెళ్ళిపోతే? ఆ భయంతోనే ఈ ఆర్భాటమంతా.

"పాత బెల్లు బాగానే ఉందిగా. ఇవాళే కెలకాలా?" అంది భార్య డోరిన్.

"రెండు తీగలే తల్లీ! ఎంతసేపు?"

తీగలు రెండే. కానీ వాటితో వచ్చిన కాగితంలో మూడో పేజీ కూడా ఉంది. కొత్త బెల్లుకు పదహారు వోల్టులు కావాలని, తగ్గితే గంట దానంతట అదే మోగవచ్చని అందులో రాసి ఉంది. మెట్ల కిందున్న ముసలి ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ఎనిమిదే. హాలిఫాక్స్‌లో నలభై ఏళ్ళు బస్సులు బాగుచేసిన వెర్నన్‌కు కాగితం చూసి పనిచేయడం నామోషీ.

బిగించిన పది నిమిషాలకు గంట మోగింది. పరుగున వెళ్ళి తలుపు తీస్తే ఎవరూ లేరు. మళ్ళీ మోగింది, మళ్ళీ ఎవరూ లేరు. పక్కింటి క్లైవ్ ఒక్కడే కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు.

"ఈ వయసులో గంట కొట్టి పారిపోవడమేంటయ్యా?"

"పారిపోవడమా? ఈ మోకాళ్ళతోనా?" అని క్లైవ్ కత్తెర కింద పడేశాడు.

చేసేది లేక వెర్నన్ అతన్ని బతిమాలి టీకి లోపలికి పిలిచాడు. నీళ్ళ కెటిల్ స్విచ్ వేయగానే గంట మోగింది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ మోగింది.

"దొంగ దొరికాడు! కెటిల్ వేసినప్పుడల్లా మోగుతోంది నీ గంట," అన్నాడు క్లైవ్. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా, ఇద్దరూ ముందు గదిలో టీ తాగుతుండగా గంట మళ్ళీ మోగింది. వంటింట్లో డోరిన్ కెటిల్ వేసిందనుకున్నాడు వెర్నన్. క్లైవ్ లేవబోయాడు. "కూర్చోవయ్యా! మోగితే మోగనీ, ఎవరు పట్టించుకుంటారు!" అని నవ్వుతూ ఇల్లదిరేలా అరిచాడు. చెవులు మందమైనవాడి గొంతు పెద్దదే కదా.

కాసేపటికి పెరట్లోంచి ఖాళీ బట్టల బుట్టతో డోరిన్ వచ్చింది.

"కెటిల్ మళ్ళీ వేశావా?" అన్నాడు వెర్నన్.

"నేనా? ఇందాకటినుంచీ బట్టలారేస్తున్నా."

వెర్నన్ చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆ ఊళ్ళో గంట రెండోసారి నొక్కడమంటే తలుపు బాదినట్టే లెక్క. పరువుగల మనిషి ఒక్కసారి నొక్కి, కాసేపు నిలబడి, వెళ్ళిపోతుంది. మలుపులో బస్సు వెనక అద్దాలు మాత్రం కనిపించాయి.

బెల్లు కెమెరా తీసిన వీడియో ఫోన్‌లో చూస్తే అంతా ఉంది. ఈనిడ్ మంచి కోటు వేసుకుంది. గంట నొక్కింది. లోపలినుంచి తమ్ముడి నవ్వు, అరుపు వినపడగానే చెయ్యి దించేసింది. కెమెరా వైపు చూసి మెల్లగా అంది: "తప్పు నాదే వెర్నన్. అది చెప్పుకుందామనే వచ్చాను. సర్లే, నువ్వు నవ్వుతూ ఉన్నావు, అది చాలు."

తప్పు తనదని చెప్పడానికి వెర్నన్ వారంనుంచి మాటలు కూర్చుకుంటున్నాడు. అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మూడో పేజీ చదివి ఉంటే అనుకున్నాడు. ఆరేళ్ళ కిందట నోరు మూసుకుని ఉంటే అని కూడా అనుకున్నాడు.

క్లైవ్ ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"బొమ్మ మాత్రం చాలా శుభ్రంగా వచ్చిందోయ్."