గాలి గొట్టం మీద దిష్టి కుండ

ఆదివారం పొద్దున్న కాఫీ తాగి, శ్రీరామ్మూర్తి నేలమీద సుద్దముక్కతో గీతలు గీశాడు. సీతమ్మధారలో వాళ్లిల్లు వాలులో కట్టింది. ముందు గది రోడ్డు మట్టానికి ఉంటే, కింది గది రోడ్డుకన్నా పల్లంలో ఉంటుంది. కూతురు గౌరీశ్వరి తొలి కాన్పుకు వారంలో వస్తోంది. కింది గదిలో ఉండబోయే పిల్ల మెట్లెక్కకుండా, పైనున్న స్నానాలగదిని కింది గది పక్కకు మార్చాలి. మెట్లమీద కాలు జారితే అన్న ఆలోచనతో భార్య రామలక్ష్మమ్మకు అప్పటికే నిద్ర కరువైంది.

భీమిలి నుంచి నిచ్చెన సహా వచ్చిన గొట్టాల మేస్త్రీ పోలిరాజు గీతలు చూసి, నీళ్లు పెరటి కాలవకు పోయేలా వాలు పెడతానన్నాడు. అయితే డాబా దాటి పైకి ఒక గాలి గొట్టం ఉండాలన్నాడు.

"నీరు దిగాలంటే దానికి గాలాడాల బాబూ. నేదంటే కంపంతా ఇంట్లోకే వస్తాది."

గురువారానికి పని అయింది. తెల్ల రంగు వేసిన గొట్టం వీధిలో అన్ని డాబాలకన్నా ఎత్తుగా నిలబడింది. పక్కింటి సూర్యకాంతమ్మ తలెత్తి చూసి, "ఏటి వదినా, మీ గొట్టం ఫిషింగ్ హార్బర్‌కి కూడా అవుపిస్తాదేటి?" అని నవ్వింది. రామలక్ష్మమ్మ నవ్వలేదు. కడుపుతో ఉన్న పిల్ల వచ్చే ఇల్లు. ఊరి కళ్లన్నీ దానిమీదే. మధ్యాహ్నం భర్త ఆఫీసులో ఉండగా డాబామీద పోలిరాజు ఇంకా పట్టుకెళ్లని నిచ్చెన వేసుకుని, సున్నం బొట్లు పెట్టిన కుండను గొట్టం నెత్తిన బోర్లించింది. సముద్రపు గాలికి ఎగిరిపోతుందేమోనని చుట్టూ చీర పేలికలు కూరింది. కొత్త కట్టడం మీద దిష్టి కుండ మామూలే కనుక ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు బిందెడు నీళ్లు పోస్తే దిగకుండా గుడగుడమన్నాయి. వెనకే కంపు. పాము దూరిందని రామలక్ష్మమ్మ, ఎలుక చచ్చిందని శ్రీరామ్మూర్తి. వాలు తప్పిందేమోనని పోలిరాజు కొత్త గచ్చు పగలగొట్టాడు. పాము లేదు, ఎలుక లేదు, వాలు సరిగ్గానే ఉంది. సూర్యకాంతమ్మ ముక్కు మూసుకుని వచ్చి చూసి వెళ్లింది. దిష్టి ముదిరిందని రామలక్ష్మమ్మ మళ్లీ పైకెక్కి మరికొన్ని పేలికలు కూరింది. శనివారం కంపు మేడెక్కింది.

"పిల్లని రావొద్దని టెలిగ్రాం కొట్టండి," అందామె కళ్లొత్తుకుంటూ. "నా సేతుల్తో పురుడు పోద్దామనుకున్నాను. ఈ కంపులో దానికేటైనా అయితే?"

టెలిగ్రాం వెళ్లేలోపే గౌరీశ్వరి రిక్షా దిగింది. నడుం పట్టుకుని తలెత్తి చూసింది.

"అమ్మా, ఆ గొట్టం మూతికి కుండెవరు పెట్టారు?"

పోలిరాజు శ్రీరామ్మూర్తిని చూశాడు. ఇద్దరూ రామలక్ష్మమ్మను చూశారు. పోలిరాజు నిచ్చెనెక్కి గుంజాడు. కుండ ఒక్కసారిగా ఊడి, పెరట్లో పడి ముక్కలైంది. కింద స్నానాలగదిలో నిలిచిన నీళ్లు గడగడమంటూ దిగిపోయాయి.

ఎవరూ నోరు విప్పకముందే రామలక్ష్మమ్మ చేతులు జోడించింది.

"సూసారా? నా పిల్లకి తగలాల్సిన దిష్టంతా ఆ కుండకి తగిలి పగిలిపోనాది. నాను పెట్టబట్టి గానీ..."

శ్రీరామ్మూర్తి సాయంత్రం దాకా సుద్దముక్కతో గాలి సంగతి వివరించాడు. ఆమె అంతా విని తలూపి, మర్నాడు పొద్దున్నే బజారు నుంచి ఇంకా పెద్ద కుండ తెచ్చింది. నిచ్చెన మాత్రం అప్పటికే భీమిలి చేరింది.