వీపున పుట్టిన పట్టు

ఆ ఉదయం గోడ వేసుకున్న పథకం సాదాసీదాది. సాయంత్రం హాలుకు వెళ్లాలి, పదకొండో నిమిషంలో ఓడిపోవాలి, ఇంటికొచ్చి నడుం వాల్చాలి. 'గోడ' అన్నది కుస్తీ ప్రదర్శనల్లో అతనికి జనం పెట్టిన పేరు. పదిహేనేళ్లు నిలబడ్డ ఆ గోడకి ఇప్పుడు పెచ్చులూడుతున్నాయి. వచ్చే నెల నుంచి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోమని మేనేజరు చెప్పేశాడు. గోడకి కిటికీ పెట్టడమంటే ఇదే కాబోలనుకున్నాడు అతను. రింగు వదిలితే తను బతికుండీ దండగే అని మాత్రం ఇంట్లో చెప్పలేదు.

నడుం పట్టేసిందంటే భార్య వీపు మీద నొప్పుల ప్లాస్టరు అంటించింది. "మా తమ్ముడు జాగ్రత్తండీ," అంది, నడుం సంగతి వదిలేసి. ఆ రోజు అతన్ని ఓడించాల్సింది ఆ తమ్ముడే. రింగులో పేరు చిరుత.

ఎవరు గెలవాలో, ఎవరెప్పుడు పడాలో ముందే మాట్లాడుకుని ఆడే ఆట అది. తొమ్మిదో నిమిషంలో గోడ చిరుతను భుజాన వేసుకోవాలి, చిరుత జారి తప్పించుకోవాలి. వేసుకున్నాడు. వీపు వెనక తలకిందులుగా వేలాడుతున్న చిరుతకి ప్లాస్టరు అంచు ఊడి కనిపించింది. జనం చూస్తే బావ పరువేం కాను? ప్రేమ కొద్దీ ఆ అంచు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

గోడ వీపు మామూలు వీపు కాదు, వెంట్రుకల గొంగళి పరిచిన వీపు. ప్లాస్టరుతో పాటు జానెడు గొంగళి లేచొచ్చింది. నోరు తెరిచిన గోడ, అరుపు కూడా రాక, గాల్లోకి ఎగిరి వెల్లకిలా పడ్డాడు. కింద చిరుత, పైన గోడ. కిందివాడు లేవకపోయేసరికి రెఫరీ అలవాటు కొద్దీ మూడు లెక్కపెట్టేశాడు. ఓడాల్సినవాడు గెలిచాడు.

హాలు ఊగిపోయింది. చీవాట్లు పెట్టడానికి పరుగెత్తుకొచ్చిన మేనేజరు ఆ ఈలలు విని, తెరిచిన నోటితోనే ఆ పట్టుకి 'గోడకూలు' అని పేరు పెట్టేశాడు. కిటికీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక వారం వారం గోడ కూలాల్సిందే. అక్క అంటిస్తుంది, తమ్ముడు పీకుతాడు, బావ కూలతాడు. పత్రికలవాళ్లు అడిగితే, ఇది పన్నెండేళ్ల సాధన అని గోడ గంభీరంగా చెప్పాడు. పిల్లలు దిళ్లను భుజాన వేసుకుని కూలారు. ఒక హెడ్మాస్టరు సోఫా మీద కూలితే సోఫా కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకీ పోయాయి. రహస్యం తెలియని తోటి మల్లులు ఊరికే వెల్లకిలా పడి, బట్టలు మార్చుకునే గదిలో కొక్కేలకి చొక్కాల కన్నా మెడపట్టీలే ఎక్కువ వేలాడదీశారు. మూడో వారానికి చిరుత మెడకీ ఒక పట్టీ పడింది.

"బావా, పేరు నీది, మెడ నాది," అన్నాడు చిరుత.

"ఇంకొక్క వారం ఓర్చుకోరా," అన్నాడు గోడ, ప్రతి వారమూ.

తొమ్మిదో వారం ఛాంపియనే దిగాడు. నూట ముప్పై కిలోలు. ఏం పీకాలో ముందే అతని చెవిన వేశారు. గోడ మూలుగుతూ భుజానికెత్తాడు. హాలు ఊపిరి బిగపట్టింది. ఛాంపియన్ లాగాడు. ప్లాస్టరు తడిగోడ మీది కాగితంలా మెత్తగా జారి వచ్చేసింది. గోడ కదల్లేదు.

"లాగాను," అన్నాడు వెనక నుంచి ఛాంపియన్.

"గట్టిగా లాగు."

"లాగడానికి ఏమీ లేదన్నా. అద్దంలా ఉంది."

ఆ బరువుకి గోడ కుంగిపోసాగాడు. ముందు వరుసలో భార్య ఇక చూడలేక, చేతిసంచిలోంచి కొత్త ప్లాస్టరు తీసుకుని తాళ్ల మధ్య నుంచి రింగులోకి దూరింది. భర్తని వెనక్కి తిప్పి, వీపంతా తడిమి చూసింది. పక్కనే ఉన్న రెఫరీ కాలరు మైకు ఆమె మాటల్ని హాలంతా మోసుకెళ్లింది.

"ఏమండీ, వెనక వెంట్రుకలన్నీ అయిపోయాయి. రొమ్ము మీద అంటించనా? అక్కడైతే ఇంకో రెండు నెలలు వస్తాయి. మా తమ్ముడు పీకినప్పుడల్లా మీరు కూలుతూనే ఉన్నారుగా."

పన్నెండేళ్ల సాధన ఏమిటో ఆఖరి వరుసదాకా అర్థమైంది. జనం కుర్చీల్లోంచి జారి పడి నవ్వారు. ఆ నవ్వుకి గోడకీ నవ్వొచ్చి, పట్టు సడలి, ఏ ప్లాస్టరూ లేకుండానే ఛాంపియన్‌తో సహా కూలిపోయాడు.

ఇక కిటికీయే గతి అనుకుని మర్నాడు మేనేజరు గదిలోకి తల వంచుకుని వెళ్లాడు గోడ. మేనేజరు అతన్ని వెనక్కి తిరగమని వీపు చూశాడు, డాక్టరుకి ఫోను చేసి ఏదో అడిగాడు, నాలుగు నెలలు జీతంతో సెలవిచ్చాడు. మొలిపించుకుని రమ్మన్నాడు.

అప్పట్నుంచి చిరుత రోజూ పొద్దున్నే బావని పలకరించడానికి వస్తున్నాడు, మెడకి పట్టీతో, జేబులో రేజరుతో.